టర్బో పోయిందనే ముందు: పాత ఆక్టేవియా వీఆర్ఎస్‌లో బూస్ట్ ఎందుకు లేటవుతుంది

పాత టర్బో పెట్రోల్ కారును షెడ్డుకు తీసుకెళ్లి "పికప్ తగ్గింది, బూస్ట్ లేటుగా వస్తోంది" అని చెప్తే చాలా చోట్ల బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: టర్బో పోయింది సార్, మార్చేయాలి. (టర్బో అంటే ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరిగి ఇంజన్‌లోకి గాలిని తోసే పంకా, ఆ గాలి ఒత్తిడే బూస్ట్. దాంట్లో ఎగ్జాస్ట్ వైపు చక్రం టర్బైన్, గాలి వైపుది కంప్రెసర్.) ఒక్కోసారి అది నిజమే అవుతుంది. ఎక్కువసార్లు మాత్రం కొత్త టర్బో బిగించాక కూడా బండి అలాగే నసుగుతూ ఉంటుంది, ఎందుకంటే ఎయిర్ ఫిల్టర్ నుంచి సైలెన్సర్ చివరి దాకా గాలి నడిచే దారిలో ఎక్కడ తేడా వచ్చినా డ్రైవర్ కాలికి తెలిసేది ఒకటే, తొక్కినా బండి ఎత్తుకోవడం లేదని.

ఉదాహరణకు మన దగ్గర ఇప్పటికీ పిచ్చి అభిమానులున్న మొదటి తరం స్కోడా ఆక్టేవియా 1.8 టర్బోను తీసుకుందాం, అదే అందరూ వీఆర్ఎస్ అని పిలుచుకునే బండి. స్కోడా 2001లో ఔరంగాబాద్ ప్లాంటుతో ఇక్కడికి వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ మోడల్ దిగింది. సిలిండర్‌కు 5 చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. యూరప్‌లో ఇదే పేరుతో అమ్మినదానికి 180 హార్స్‌పవర్ ఉండేది. ఇదే కుటుంబం ఇంజన్ గోల్ఫ్ జీటీఐలో, పసాట్‌లో, ఆడి ఏ4లో, టీటీలో కూడా ఉంది కాబట్టి అమెరికాలో పాత జెట్టా 1.8 టీ నడుపుతున్నవాళ్లకు కూడా కింద చెప్పేది దాదాపు అంతా పనికొస్తుంది. ఈ బండ్లకు ఇప్పుడు 20 ఏళ్ల వయసు. ఇనుప భాగాలు బాగానే ఉంటాయి, రబ్బరు మాత్రం 20 ఏళ్లు ఆగదు.

ఇందులోని టర్బో కే03 రకం, చిన్నది. చిన్నది కాబట్టి త్వరగా తిరుగుతుంది, 1750 ఆర్‌పీఎం దగ్గరే ఫుల్ టార్క్ వస్తుందని కంపెనీ లెక్క. అంటే ఈ బండికి "టర్బో ల్యాగ్ ఉంటుందిలే, పాత బండి కదా" అన్న సర్దుబాటు చెల్లదు. 3000 దాటాక గానీ ఊపు రావడం లేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

ముందు కంప్లయింటును విడదీయాలి. బూస్ట్ లేటుగా వచ్చి చివరికి పూర్తిగా రావడం ఒకటి. ఎంత తొక్కినా సగం దగ్గరే ఆగిపోవడం ఇంకొకటి. ఒక్కసారి బలంగా వచ్చి ఠక్కున పడిపోవడం మూడోది. బూస్ట్ అంతా సరిగ్గానే ఉండి బండి మాత్రం కదలకపోవడం నాలుగోది, ఇదీ తరచూ జరిగేదే. నాలుగింటినీ "బూస్ట్ లేదు" అనే అంటారు, కానీ నాలుగింటి కారణాలూ వేరు, కొన్నిసార్లు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఎందుకు ఎదురో అర్థం కావాలంటే బూస్ట్‌ను ఎవరు నడిపిస్తున్నారో చూడాలి. ఎగ్జాస్ట్ వైపు వేస్ట్‌గేట్ అని చిన్న తలుపు ఉంటుంది. అది తెరుచుకుంటే ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ను తిప్పకుండా పక్కనుంచి జారుకుంటుంది. ఆ తలుపును పట్టుకుని ఉండేది ఒక స్ప్రింగు, తోసేది కంప్రెసర్ నుంచి చిన్న రబ్బరు గొట్టం గుండా వచ్చే ఒత్తిడి. ఈ గొట్టం మధ్యలో ఎన్75 అనే సాలినాయిడ్ వాల్వ్ కూర్చుని ఉంటుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, దాన్ని సెకనుకు ఎన్నోసార్లు తెరిచి మూస్తూ, తలుపు దగ్గరికి వెళ్లాల్సిన ఒత్తిడిలో కొంత మళ్లీ టర్బో ముందున్న పైపులోకి వదిలేస్తుంది. అలా వదిలేకొద్దీ తలుపు మూసుకుని ఉంటుంది, బూస్ట్ పెరుగుతుంది. ఎన్75 వైరు పీకేస్తే ఒత్తిడి అంతా నేరుగా తలుపు మీదకే పోయి, బండి స్ప్రింగు ఎంత ఆపగలిగితే అంత బూస్ట్‌తోనే నడుస్తుంది.

కాబట్టి చూడాల్సినవి మూడు అంకెలు: ఈసీయూ ఎంత బూస్ట్ అడిగింది, ఎంత వచ్చింది, అది తెప్పించడానికి ఎన్75ను ఎంత శాతం వాడింది. కారును లాప్‌టాప్‌కు కలిపి ఈసీయూ అంకెలు చూపించే వీసీడీఎస్ కేబుల్‌తో ఈ ఇంజన్‌లో మొదటి రెండూ 115వ గ్రూపులో, మూడోది 118లో కనిపిస్తాయి (గ్రూపు అంటే అంకెల పట్టిక). ఫాల్ట్ కోడ్ చదివి చెరిపేసి ఇచ్చే స్కానర్ దీనికి చాలదు, నడుస్తున్న బండిలో ఈ అంకెలు రికార్డు కావాలి. ఖాళీ రోడ్డు మీద, పక్క సీట్లో లాప్‌టాప్ పట్టుకునే మనిషితో, మూడో గేరులో 1500 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 4500 దాకా లాగితే చాలు. లేటు సమస్య ఎలాగూ కిందనే బయటపడుతుంది కాబట్టి రెడ్ లైన్ దాకా వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.

దానికంటే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి 115లో వచ్చిన బూస్ట్ చోట ఏముందో చూడాలి. అది బయటి వాతావరణ పీడనం చూపించాలి. విశాఖలో అయితే 1010 మిల్లీబార్ల చుట్టూ, హైదరాబాద్‌లో సుమారు 950. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఆ తేడా. ఇక్కడే 850 అనో 1100 అనో చూపిస్తే సెన్సరే అబద్ధం చెప్తోంది, మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఈ అంకెలు బయటి పీడనాన్ని కలుపుకునే ఉంటాయన్న సంగతీ గుర్తుంచుకోవాలి. 1550 కనిపిస్తే విశాఖలో అది అర బార్ (1000 మిల్లీబార్లు ఒక బార్) కంటే కాస్త ఎక్కువ బూస్ట్, హైదరాబాద్‌లో 0.6 బార్. అంటే అదే అంకెను అందుకోవడానికి హైదరాబాద్‌లో టర్బో ఎక్కువ కష్టపడాలి, కాస్త లేటవ్వాలి కూడా. డాష్‌బోర్డు మీద గేజ్ పెట్టుకుని "నా ఫ్రెండు బండికి ఇంత వస్తోంది, నాకు రావట్లేదు" అనుకునేవాళ్లలో సగం టెన్షన్ ఈ ఒక్క లెక్క తెలిస్తే పోతుంది.

ఇక లాగ్, అంటే రోడ్డు మీద రికార్డు చేసిన ఆ అంకెలు, చేతికొచ్చాక అసలు కథ మొదలవుతుంది. ఈసీయూ 1550 అడిగింది, వచ్చింది 1250, ఎన్75 మాత్రం 95 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది అనుకుందాం. ఈసీయూ తన వంతు అంతా చేసేసింది, తలుపు మూసి ఉంచమని గట్టిగా చెప్తూనే ఉంది, అయినా గాలి రావడం లేదు. ఇది యంత్రం వైపు సమస్య: ఎక్కడో గాలి కారుతోంది, లేదా తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా ఎగ్జాస్ట్ దారి మూసుకుపోయింది, లేదా నిజంగానే టర్బో అరిగింది. వెతకాల్సింది కూడా ఇదే వరసలో. ఎక్కువగా జరిగేది ముందు, ఎక్కువ ఖర్చయ్యేది చివర.

లీకు చిన్నదా పెద్దదా అన్నది లాగ్ గీతే చెప్పేస్తుంది. చిన్న లీకైతే తక్కువ ఆర్‌పీఎంలో టర్బో తోసే కాస్త గాలిలో ఎక్కువ భాగం ఆ సందులోంచే పోతుంది, పైకి వెళ్లేకొద్దీ టర్బో తోసే గాలి పెరిగి లీకును మించిపోతుంది. అందుకే బూస్ట్ లేటుగా వస్తుంది కానీ చివరికి పూర్తిగానే వస్తుంది. పెద్ద లీకైతే ఎక్కడా అందుకోదు. లేటుగా వచ్చినా పూర్తిగా వస్తోందంటే టర్బో రెక్కలు, బేరింగులు పనిచేస్తున్నట్టే లెక్క, అలాంటి బండికి టర్బో మార్చమనడం తొందరపాటు.

లీకు వెతకడానికి కంటికి మించిన పరికరం లేదు, ముఖ్యంగా మన దుమ్ములో. ఈ ఇంజన్‌లో క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగున ఆయిల్ తిరిగే భాగం) ఆవిరి ఇన్‌టేక్‌లోకే వస్తుంది కాబట్టి బూస్ట్ పైపుల లోపల పలచటి ఆయిల్ పొర ఎప్పుడూ ఉంటుంది. సందు ఉన్నచోట గాలితో పాటు ఆ ఆయిల్ తుంపర బయటికి వచ్చి, దాని మీద రోడ్డు దుమ్ము పట్టి, క్లాంపు చుట్టూ నల్లటి తడి మచ్చ కడుతుంది. ఇంటర్‌కూలర్‌కు (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) వెళ్లే రెండు హోసుల చివర్లు, థ్రాటిల్ బాడీ దగ్గరి మలుపు, ఈ చోట్ల టార్చి వేసి చూస్తే తరచూ అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ తీసి, ఆ పైపు మూతికి టైరు వాల్వ్ బిగించిన మూత పెట్టి, పంపుతో ముప్పావు బార్ దాకా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లాలి. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ మూతతోనే ఈ పరికరం తయారవుతుంది. క్రాంక్‌కేస్ గొట్టాన్ని మూయకుండా గాలి ఎక్కిస్తే అది ఇంజన్ లోపలికి పోయి ఆయిల్ సీళ్ల మీద పడుతుంది, ఆ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

క్రాంక్‌కేస్ గొట్టాలంటే గుర్తొచ్చింది, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద చేతికందని చోట ఉండే బ్రీదర్ హోసులు ఈ వయసు బండ్లలో పట్టుకుంటే అప్పడంలా విరుగుతాయి. ఒకటి మార్చడానికి దిగితే మరో మూడు చేతిలోకి వస్తాయి. మొత్తం సెట్ తెచ్చుకుని దిగడం మేలు.

తర్వాత డైవర్టర్ వాల్వ్. కాలు తీసినప్పుడు మిగిలిన ఒత్తిడిని వెనక్కి తిప్పడం దీని పని. లోపల పలచటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది, అది చిరిగితే బూస్ట్ వస్తున్నప్పుడు కూడా గాలి తిరిగి టర్బో ముందుకే పోతుంది, అంటే టర్బో తోసిన గాలినే మళ్లీ తోస్తూ ఉంటుంది. దీన్ని విప్పి చూడటం పది నిమిషాల పని. పెద్ద మూతిలోంచి వేలితో లోపలి పిస్టన్‌ను పైకి నొక్కి, పైనున్న సన్నటి గొట్టం రంధ్రాన్ని బొటనవేలితో మూసి, నొక్కిన వేలు తీసేయాలి. పిస్టన్ పైనే ఆగితే డయాఫ్రం బాగుంది. మెల్లగా జారి కిందికి వస్తే పోయింది, అంతే. 17705, అంటే పీ1297 కోడ్ వస్తే ముందు చూడాల్సింది దీన్నీ, బూస్ట్ హోసుల్నీ.

లీకులు లేవని తేలితే వేస్ట్‌గేట్. తలుపును రాడ్‌తో తోసే స్ప్రింగు డబ్బా, అంటే ఆక్చుయేటర్, దాని గొట్టం తీసి, గేజ్ ఉన్న చేతి పంపుతో గాలి ఎక్కిస్తే సుమారు 0.3 బార్ దగ్గర రాడ్ కదలడం మొదలవ్వాలి, పంపు ఆపాక గేజ్ ముల్లు నిలబడాలి. ముల్లు పడిపోతే లోపలి డయాఫ్రం చిరిగింది. చాలా తక్కువకే రాడ్ కదిలితే స్ప్రింగు బలహీనపడింది, లేదా ఎవరో రాడ్ పొడవు తిప్పేశారు. తలుపు ఇరుసు అరిగి లొడలొడలాడటం, టర్బైన్ హౌసింగులో తలుపు ఆనే చోట పగులు రావడం కూడా పాత కే03లలో ఉన్నవే. వీటన్నిటికీ లాగ్‌లో కనిపించేది లీకు లాంటి గీతే, సబ్బు నీళ్లకు మాత్రం దొరకవు.

చాలామంది వదిలేసేది ఎగ్జాస్ట్ వైపు. టర్బైన్ తిరిగేది దాని ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య తేడా వల్ల. వెనక పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కరిగి మూసుకుపోతే ఆ తేడా తగ్గిపోతుంది, టర్బో కొత్తదైనా లేవదు. ఈ ఇంజన్‌లో ఇది ఊరికే జరగదు, వెనకో కథ ఉంటుంది. 1.8 టీ ఇగ్నిషన్ కాయిళ్లకు ప్రపంచమంతా చెడ్డపేరుంది. కాయిల్ పోయి ఒక సిలిండర్ మిస్ కొడుతున్నా "కాస్త ఒణుకుతోందిలే" అని నడిపేస్తే, కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌లో కాలుతుంది, లోపలి సిరామిక్ జల్లెడ కరుగుతుంది. కాయిల్ మార్చాక ఒణుకు పోతుంది, కొన్నాళ్లకు "బూస్ట్ లేదు" మొదలవుతుంది, రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి 2500 ఆర్‌పీఎం దగ్గర చూస్తే తేలిపోతుంది. 0.2 బార్ దాటితే అనుమానించాల్సిందే.

ఇప్పుడు రెండో రకం లాగ్. వచ్చిన బూస్ట్ తక్కువే, కానీ ఈసీయూ అడిగిందే తక్కువ. ఇక్కడ హోసులు విప్పడం దండగ. ఈసీయూ ఎందుకు భయపడుతోందో చూడాలి. ఎయిర్‌ఫ్లో మీటర్ మొదటి అనుమానం. ఫుల్ లోడులో 2వ గ్రూపులో కనిపించే గాలి సెకనుకు ఎన్ని గ్రాములో దాన్ని 0.8తో భాగిస్తే సుమారుగా హార్స్‌పవర్ వస్తుంది, అంటే 150 హార్స్‌పవర్ బండిలో పైన 120 గ్రాముల దరిదాపుల్లో కనిపించాలి, దీనికి మాత్రం 4500 చాలదు, ఇంకాస్త పైకి లాగాలి. 80, 85 దగ్గర ఆగితే మీటర్ వైరు మీద మురికి పట్టింది, లేదా అది ముసలిదైంది. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్లు వాడే బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఇన్‌టేక్ గాలి వేడి, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం) కూడా చూడాలి. 20వ గ్రూపులో ఒక్కో సిలిండర్‌కు ఎన్ని డిగ్రీల ఇగ్నిషన్ వెనక్కి లాగిందో కనిపిస్తుంది, అక్కడ పెద్ద అంకెలు ఉంటే పెట్రోల్‌నో వేడినో అనుమానించాలి.

వేడి అంటే మనకు కొత్త కాదు. ఈ బండిలో ఇంటర్‌కూలర్ చిన్నది, అదీ ఎదురుగాలి నేరుగా తగిలే నడిమధ్యలో కాకుండా కుడి ముందు చక్రం ముందు మూలన ఇరుక్కుని ఉంటుంది. రెండు వానాకాలాల బురద రెక్కల మధ్య ఎండిపోయి ఉంటే మే నెల విజయవాడ ఎండలో రెండో సారి తొక్కేసరికే పనిచేయడం మానేస్తుంది. పొద్దున బాగా లాగి మధ్యాహ్నం చచ్చుబడే బండికి ముందు చేయాల్సింది వీల్ ఆర్చ్ ప్లాస్టిక్ విప్పి దీన్ని కడగడమే.

పెట్రోల్ విషయంలో ఇప్పుడు ఇంకో చిక్కు. 32వ గ్రూపులో ఈసీయూ పెట్రోల్‌ను ఎంత కలుపుకుంటోందో, ఎంత తగ్గించుకుంటోందో కనిపిస్తుంది. ఐడిల్‌లో బాగా ప్లస్, నడుస్తున్నప్పుడు మామూలు అయితే మ్యానిఫోల్డ్ దగ్గర వాక్యూమ్ లీకు. నడుస్తున్నప్పుడు బాగా ప్లస్ అయితే ఎయిర్‌ఫ్లో మీటరో, ఫ్యూయల్ ప్రెషరో. అయితే ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో, ఇథనాల్ వల్ల అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి, 2000ల నాటి ఈసీయూకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఎప్పుడూ కొన్ని శాతం ప్లస్‌లోనే కనిపిస్తుంది. దాన్ని లీకుగా పొరబడి వారాలు వెతికితే ఏమీ దొరకదు.

మూడో రకం అన్నిటికంటే మోసం చేసేది. బూస్ట్ ఒక్కసారిగా అడిగినదానికంటే పైకి ఎగిసి, వెంటనే పడిపోయి, ఆ తర్వాత కీ ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా బండి నీరసంగానే నడుస్తుంది. కోడ్ చూస్తే 17965, పీ1557, అంటే బూస్ట్ ఎక్కువైందని. డ్రైవర్ చెప్పేది మాత్రం "బూస్ట్ లేదు" అనే. కారణం చాలాసార్లు ఎన్75 నుంచి ఆక్చుయేటర్‌కు వెళ్లే వేలెడంత గొట్టం. అది ఎండి చివర్లో చీలితే తలుపును తోసే ఒత్తిడి బయటికి పోతుంది, తలుపు తెరుచుకోదు, బూస్ట్ అదుపు తప్పుతుంది, ఈసీయూ కాపాడుకోవడానికి అంతా కోసేస్తుంది. పెద్ద హోసుకు చీలిక వస్తే బూస్ట్ తగ్గుతుంది, ఈ చిన్న గొట్టానికి చీలిక వస్తే పెరుగుతుంది, రెండు చోట్లా యజమాని మాట ఒకటే. గ్యాస్ వెల్డింగు షాపుల పక్కన కొన్న మామూలు పీవీసీ గొట్టం దీనికి పెట్టకూడదు, టర్బో వేడికి మెత్తబడి జారిపోతుంది. సిలికాన్ గొట్టం మీటరు కొన్నా పెద్ద ఖర్చు కాదు. ఎన్75 మూడు మూతులకూ గొట్టాలు తారుమారుగా పెట్టినా ఇలాంటి వింతలే వస్తాయి, ఇంజన్ పని జరిగొచ్చిన వెంటనే సమస్య మొదలైతే ముందు ఇదే చూడాలి.

అడిగినంత వస్తోంది, ఎన్75 కూడా మామూలుగానే ఉంది, అయినా బండి కదలడం లేదంటే బూస్ట్ గొడవ వదిలేయాలి. క్లచ్ జారుతోందేమో, వెనక బ్రేక్ క్యాలిపర్ పట్టేసిందేమో, స్పార్క్ ప్లగ్ గ్యాప్ పెరిగి లోడులో నిప్పు ఆరిపోతోందేమో చూసుకోవాలి.

ఇవన్నీ దాటాక మిగిలితే అప్పుడు టర్బో. ఇన్‌టేక్ పైపు విప్పి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకోవాలి. పక్కలకు అతి కొద్దిగా ఊగడం మామూలే, ఆయిల్ లేనప్పుడు ఆ ఖాళీ ఉంటుంది. ముందుకీ వెనక్కీ కదిలితే, రెక్కల అంచులు హౌసింగుకు రాసుకున్న మెరుపు గీతలు కనిపిస్తే, రెక్కల కొసలు తిని ఉంటే దాని పని అయిపోయినట్టే. ఐడిల్‌లో కాసేపు ఉంచి తొక్కితే నీలం పొగ రావడం సీళ్లు పోయాయనడానికి గుర్తు కావచ్చు, కానీ బ్రీదర్ మూసుకుపోయినా ఇదే పొగ వస్తుంది, పొగ ఒక్కదాన్ని చూసి తీర్పు ఇవ్వకూడదు. నిజంగా మార్చాల్సి వస్తే ఆయిల్ ఫీడ్ పైపు పాతదే పెట్టనివ్వకూడదు. టర్బో వేడికి ఆ సన్నటి పైపు లోపల ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది, పాత టర్బోను ఎండగట్టి చంపింది అదే అయితే కొత్తదాన్నీ అలాగే చంపుతుంది. పైపుతో పాటు సంప్ దింపి పికప్ జాలీ కడిగి, కొత్త ఆయిల్ పోసి, మొదటి స్టార్ట్‌కు ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాలి. ఆ తర్వాత అదే రోడ్డు మీద, అదే గేరులో మళ్లీ లాగ్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడాలి.